వెంకట వేసిన గోల్

ఆ రోజుల్లో నాకు నలభై ఆరేళ్ళు. కుర్రతనం కబుర్లు చెబుతానని కూర్చుని నలభై ఆరంటాడేమిటని మీకు అనిపించవచ్చు. కానీ మనిషికి ఒక్క వయసే ఉండదు. అప్పటికి అమెరికాలో నా వయసు ఏడాదిన్నర. కారు నడపడం కొత్తగా నేర్చుకున్నాను. ఫోన్‌లో ఎవరైనా గబగబా మాట్లాడితే బిక్కమొహం వేసేవాణ్ణి. కొట్టుకెళ్తే పాలలో అన్ని రకాలు చూసి ఏది కొనాలో తెలియక నిలబడిపోయేవాణ్ణి. ఏడాదిన్నర పిల్లలు చేసే పనులే ఇవన్నీ. హైదరాబాదులో ఒక ప్రభుత్వ కంప్యూటర్ విభాగంలో ఇరవై ఏళ్ళు గుమాస్తాగిరి లాంటి ఇంజనీరింగ్ చేసి, ఆ వయసులో హెచ్-వన్ వీసా మీద నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ అనే ఊళ్ళో వచ్చి పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మొదటి సంవత్సరాలన్నీ పొగమంచులోంచి చూసినట్టు కనిపిస్తాయి. మార్చి నెలలో రోడ్ల పక్కన చెట్లన్నీ ఆకు వేయకముందే తెల్లగా పూసేవి. ఆ తెలుపు మధ్యలోంచి నేను మెల్లగా, గంటకు ముప్ఫై మైళ్ళకు మించకుండా, ఎక్కడికో వెళ్తూ ఉండేవాణ్ణి. వెనక కార్లవాళ్ళు హారన్ కొడుతూ ఉండేవారు.

నేను పదహారో ఏట మొదలుపెట్టి ఇవాళ్టిదాకా ఒక్కరోజూ మానకుండా డైరీ రాస్తున్నవాణ్ణి. (జ్వరం వచ్చిన రోజున 'జ్వరం' అని రాశాను. పెళ్ళిరోజున 'వివాహం. భోజనాలు బాగున్నాయి' అని రాశాను. దీని గురించి మా ఆవిడ ఇప్పటికీ మాట్లాడుతుంది.) పేజీకి ఎడమవైపు చేయవలసినవి, కుడివైపు చేసినవి. చేసిన ప్రతి పని పక్కనా ఒక టిక్కు. నా సిద్ధాంతం చాలా సులువు: డైరీలో ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ఈ సిద్ధాంతం నా జీవితంలో ఒక్కసారే బెడిసికొట్టింది. అది 2007 డైరీలో, ఆకుపచ్చ అట్ట పుస్తకంలో ఉంది. దాని పేజీల మధ్యలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. దాని మీద పులిహోర పసుపు మరక. ఆ కాగితం సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

మేమున్న అపార్ట్‌మెంట్లలో మరమ్మతులు చూసే ఒక ఆజానుబాహుడు ఉండేవాడు. ఆయన అసలు పేరు నాకు నోరు తిరగలేదు కనుక ఇంట్లో మేము కొండాయన అనుకునేవాళ్ళం. మా పరిచయానికి కారణం మునక్కాడలు. వంటింటి సింకు కింద, చెత్తను నూరి కిందికి పంపే యంత్రం ఒకటి ఉంటుందిక్కడ. మా ఆవిడ సాంబారు తిన్న కంచాల్లోని మునక్కాడ పిప్పిని దానిలో వేసింది. యంత్రం ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. కొండాయన వచ్చి, సింకు కింద పడుకుని, ఒక గుప్పెడు పీచు బయటికి లాగి వెలుతురులో పట్టుకుని చూశాడు. (మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే కావడం వల్ల ఒకరికొకరం చక్కగా అర్థమయ్యేవాళ్ళం.)

"మీరు చెట్లు తింటారా?" అన్నాడు.

"తినం. నమిలి పారేస్తాం," అన్నాను.

"అయితే ఈసారి బుట్టలో పారేయండి."

మూడోసారి వచ్చినప్పుడు మా ఆవిడ సిగ్గుపడి కాఫీ ఇచ్చింది. స్టీలు గ్లాసులో కాఫీని రెండు చేతులతో పట్టుకుని తాగి, మీ ఇండియాలో ఎంతమంది ఉంటారని అడిగాడు. వంద కోట్లు దాటారన్నాను. ఆయన నవ్వాడు. "మా దేశంలో ఆరు లక్షల పైచిలుకు. అంతే. దేశం పుట్టి ఏడాది కూడా కాలేదు," అన్నాడు. అలా నాకు మాంటెనెగ్రో గురించి తెలిసింది. ఐరోపాలో ఒక మూల, కొండలూ సముద్రమూ ఒకదానికొకటి ఆనుకుని ఉండే చోటు. అంతకుముందు పక్కవాళ్ళతో కలిసి ఒకే దేశంగా ఉండేవాళ్ళు, ఓట్లేసుకుని విడిగా వచ్చేశారు. ఆ పేరుకు నల్లని కొండ అని అర్థమట. నేను నల్లమల పక్కన గిద్దలూరులో పుట్టినవాణ్ణి. ఆ మాట చెప్పేసరికి ఆయన గ్లాసు కింద పెట్టి నాకు షేక్ హ్యాండ్ ఇచ్చాడు. ఆ తరవాత వారంవారం, ఏ పైపూ పాడవకపోయినా, వచ్చి కూర్చునేవాడు. వాళ్ళ ఊళ్ళో శీతాకాలంలో పాదాలు మంచులో ఉండగానే కళ్ళతో సముద్రాన్ని చూడొచ్చని చెప్పేవాడు. ఆయన చెబుతూ ఉంటే నాకు గిద్దలూరు దాటాక సముద్రం వచ్చేసినట్టు ఉండేది. డైరీలో 'కొండాయన వచ్చెను. సముద్రము గూర్చి మాట్లాడెను' అని పది చోట్ల ఉంది. (గ్రాంథికం మా తెలుగు మాస్టారి చలవ. తరవాత మానేశాను.)

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆయన కాఫీ కూడా తాగకుండా ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఊరి పార్కులో ఆదివారాలు ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. ఎవరి దేశం పేరుతో వాళ్ళు జట్టు కట్టుకోవచ్చు. కొండాయన, ఆయన బావమరిది, వాళ్ళ చిన్నాన్న కొడుకు ఇన్నేళ్ళూ పాత ఉమ్మడి దేశం జట్టులోనే ఆడేవారు. ఈసారి కొత్త దేశం పేరుతో విడిగా ఆడాలని ఆయన ఆశ. ఆ పోటీలు నడిపేదీ, ఈల ఊదేదీ ఒక్కరే, రిటైరైన స్కూలు మాస్టారు. ఈల మాస్టారు రెండు షరతులు పెట్టాడట: పదకొండు సంతకాలు ఉండాలి, మొదటి మ్యాచ్‌కు సమయం దాటిన పావుగంటలోగా కనీసం ఏడుగురు మైదానంలో నిలబడాలి. నిలబడకపోతే ఆ పేరు కొట్టేస్తారు, ముగ్గురూ మళ్ళీ పాత జట్టులోకి వెళ్ళాలి. చిత్రమేమిటంటే ఆ మొదటి మ్యాచ్ ఆ పాత జట్టుతోనే.

"నాకు గెలవాలని లేదు," అన్నాడు కొండాయన. "పుట్టినప్పటినుంచి మా దేశం పేరు పక్కన ఎప్పుడూ ఇంకో పేరు ఉండేది. ఒక్కసారి ఒంటరిగా అచ్చులో చూడాలి. ఈ ఊళ్ళో మావాళ్ళం ముగ్గురమే. ఎనిమిది మంది కావాలి. నీ దగ్గర వంద కోట్ల మంది ఉన్నారు కదా?"

అంతమందిలోంచి ఎనిమిది మందిని వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రాళ్ళు ఏడుగురు. అందరూ క్రికెట్ వాళ్ళే. అందరినీ మా ఇంటికి పిలిచి మా ఆవిడ చేత పెసరట్లు వేయించి విషయం చెప్పాను. గుంటూరు కుర్రాడొకడు అట్టు మధ్యలో ఆగిపోయాడు.

"గురువుగారూ, వేరే దేశం తరఫున ఆడితే మన హెచ్-వన్‌కి ప్రాబ్లమ్ రాదు కదండీ?"

"పార్కులో ఆటయ్యా ఇది."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే కాన్సులేట్‌లో తెలీదు కదండీ. ఒక్కసారి లాయర్‌ని అడిగి సైన్ చేస్తాను."

నిజంగానే అడిగాడు. లాయరు చాలాసేపు నవ్వి, పర్వాలేదని చెప్పాడట. దాంతో ఏడు సంతకాలు వచ్చాయి. ఎనిమిదోది నాది, పెద్దవాణ్ణని వాళ్ళ పేర్లకు పైన చేయించారు. నేను ఆడాలని కాదు, అంకె నిండాలని. మా ఎనిమిది మందిలో నలుగురికి పాస్‌పోర్టులో మొదటి పేరు వెంకట. ఇంట్లో ఒకరిని సుబ్బు అంటారు, ఒకరిని చిన్నా అంటారు, నన్ను అసలు పేరుతో ఎవరూ పిలవరు. కానీ అమెరికాలో ఏ కాగితం మీదైనా పొడుగు పేరులో మొదటి ముక్కే మిగులుతుంది. కొండాయన జాబితా చూసి, "నలుగురూ అన్నదమ్ములా?" అన్నాడు. కాదన్నాను. "మరి ఒకే పేరు?" అన్నాడు. దేవుడి పేరన్నాను. ఆయన మర్యాదగా తలాడించాడు.

సాధన అపార్ట్‌మెంట్ల వెనక గడ్డిలో జరిగేది. గోల్ దగ్గర నిలబడ్డవాడు బంతి పట్టుకుంటే సరే, అది వాడి పని. మావాళ్ళు మైదానంలో ఏ మూల ఉన్నా బంతి గాలిలోకి లేస్తే చాలు చేత్తో పట్టేసి, పైకి విసిరి, "హౌజాట్!" అని అరిచేవారు. కొండాయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని ఆడమన్నాడు. అలా ఆడినప్పుడు కూడా నేను చేతులు విడిపించుకుని మరీ క్యాచ్ పట్టాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. (డైరీలో లెక్క ఉంది.) నాకు బంతి కనబడితే చేతులు వాటంతట అవే లేచేవి. "నువ్వు అంచున నిలబడు, బంతి రాని చోట," అన్నాడు ఆయన ఎంతో ప్రేమగా.

మా ఆవిడ మాత్రం నాకంటే తెలివైన పని చేసింది. కొండాయన తన దేశం జెండా బొమ్మ చూపించాడు: ఎర్రటి గుడ్డ, చుట్టూ బంగారు అంచు, మధ్యలో రెండు తలల గద్ద. అది చూసి, "ఇది గండభేరుండం కదండీ! మా అమ్మమ్మ చీర కొంగులో ఉండేది," అంటూ లోపలికి వెళ్ళి తన ఎర్ర ధర్మవరం చీర తెచ్చింది. పదహారు రోజుల పండక్కి పెట్టిన చీర, మడతల దగ్గర చిరుగుతోంది. నేను ఏదో అనేలోపు కత్తెర పడింది. నడుము భాగం జెండా అయింది. దాని మీద ముగ్గు వేసినట్టు పసుపు దారంతో రెండు తలల పక్షిని కుట్టింది. జరీ అంచును ముక్కలు చేసి పదకొండు ఎర్ర టీషర్టుల చేతులకు వేసింది. కొండాయన ఆ జెండాను చేతుల్లోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. చివరికి, "మా గద్ద కంటే దీనికి తిండి బాగా దొరికినట్టుంది," అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు. టీషర్టుల సంచీ తనే పట్టుకెళ్ళాడు. ఆటగాళ్ళను తేవడం నా బాధ్యత.

ఇక ఆ ఆదివారం సంగతి. ఇక్కడ ఏటా వసంతంలో ఒక ఆదివారం తెల్లవారేసరికి గడియారాలు గంట ముందుకు తిప్పుకోవాలి. ఆ సంవత్సరం ప్రభుత్వం ఆ తేదీని మూడు వారాలు ముందుకు జరిపింది. కంప్యూటర్లకు ఆ సంగతి తెలియదు కనుక వాటికి నేర్పాలి. రెండు నెలలుగా మా ఆఫీసులో నా పనీ, ఆ ఏడుగురి పనీ అదే. కొన్ని యంత్రాలు గంట తిప్పుకునేవి కావు, కొన్ని అత్యుత్సాహంతో రెండు గంటలు తిప్పుకునేవి. శనివారం సాయంత్రానికి అన్నీ దారికొచ్చాయి. ఇంటికొచ్చి డైరీలో కుడివైపు, స్పష్టంగా, 'గడియారాలు అన్నీ సరిచేశాను' అని రాసి టిక్కు పెట్టి, హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఉదయం మా ఆవిడ పులిహోర కలుపుతూ, "ఏవండీ, గడియారం తిప్పారా?" అంది.

డైరీ తీశాను. ఉంది. టిక్కు కూడా ఉంది. "డైరీలో ఉంది చూడు," అన్నాను.

మ్యాచ్ తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకే అక్కడ ఉండాలని నా పథకం. నేను కాక నా కారులో నలుగురు, వెనక కారులో ముగ్గురు. నా పక్కన కూర్చున్నది కరీంనగర్ అబ్బాయి, మా వెంకటల్లో ఒకడు. వాడి చేతిలోంచి ఫోన్ ఎప్పుడూ దిగదు కనుక మేము ఫోనబ్బాయి అనేవాళ్ళం. వాడు కాసేపు ఫోన్ వంకా, కాసేపు నా చేతి గడియారం వంకా చూశాడు.

"సార్, నా ఫోన్ల తొమ్మిదింబావు అయితుంది."

నా గడియారంలో ఎనిమిదింబావు. "నీ ఫోన్ రెండుసార్లు తిప్పుకుంది. మొన్న ఆఫీసులో ఆరు మెషీన్లు ఇలాగే చేశాయి, గుర్తులేదూ?"

"వెనక సీట్ల వీని ఫోన్ల గూడ గంతే ఉంది సార్."

"ఒకే కంపెనీ ఫోన్లు. ఒకే జబ్బు. కారు గడియారం చూడు, నాతో సరిగ్గా కలుస్తోంది." (కారు గడియారాన్ని తిప్పవలసింది కూడా నేనే అన్న ఆలోచన రాలేదు.)

"మీరు జెప్పినంక ఇంకేముంది సార్," అని వాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. రెండు నెలలుగా అమెరికా కాలాన్ని సరిదిద్దుతున్న మనిషి నేను. నన్ను నమ్మక ఎవరిని నమ్ముతాడు? చెట్ల తెల్లపూలు అద్దం మీద రాలుతున్నాయి. గంటకు ముప్ఫై మైళ్ళు. హారన్లు. నాకు ఎంతో ప్రశాంతంగా ఉంది.

పార్కు చేరేసరికి మైదానంలో ఏదో ఆట జరుగుతోంది. "మన ముందు మ్యాచ్ ఇంకా అవలేదు," అన్నాను తృప్తిగా. మైదానం పక్క గడ్డివాలు మీద దుప్పటి పరిచాం. పులిహోర డబ్బా మధ్యలో పెట్టాం. గుంటూరు కుర్రాడు బూట్లు విప్పి వెనక్కి వాలాడు. అవతల జట్టు నీలం చొక్కాలతో నిండుగా ఉంది. ఎర్ర చొక్కాలవాళ్ళు మాత్రం పాపం ఏడుగురే.

"ఏడుగురితో ఏం ఆడతారండీ, మనలాగా పకడ్బందీగా రావద్దూ?" అన్నాడు గుంటూరు కుర్రాడు.

"ప్లానింగ్ లేదు," అన్నాను నేను.

కాసేపటికి ఫోనబ్బాయి కళ్ళు చికిలించాడు. "సార్... ఆ ఎర్రంగీల చేతులకు బార్డర్ సూడుండ్రి. మన మేడమ్ చీర లెక్క లేదూ?"

నేను చూశాను. జరీ అంచు ఎండలో మెరుస్తోంది. గోల్ స్తంభానికి మా ఆవిడ జెండా కట్టి ఉంది, రెండు తలల పక్షి గాలికి రెక్కలు ఆడిస్తోంది. ఎర్ర చొక్కాల్లో పరుగెత్తుతున్న ఏడుగురిలో ముగ్గురు కొండాయన, ఆయన బావమరిది, చిన్నాన్న కొడుకు. నెమ్మదిగా నా చేతి గడియారం వంక చూశాను. ఆఫీసులో నాలుగు వందల యంత్రాలు సరిచేసి, మణికట్టు మీదున్న దాన్ని వదిలేశాను. డైరీ అబద్ధం చెప్పలేదు. ఏ గడియారాలో నేను రాయలేదంతే.

కానీ మిగతా నలుగురు ఎవరు? ఒకాయనకు మొక్కజొన్న పీచు లాంటి పసుపుపచ్చ జుట్టు, ఆరున్నర అడుగుల ఎత్తు. మావాళ్ళలో అలాంటి మనిషి లేడు. బంతి బయటికి పోయినప్పుడు కొండాయన దాన్ని తెచ్చుకునే నెపంతో మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కిందికి రావద్దు. మీ పేర్లు చెప్పొద్దు," అన్నాడు రొప్పుతూ. "మీ వెంకటలు నలుగురూ ఆడుతున్నారు."

"ఎవరు?"

"వాళ్ళు!" అని మొక్కజొన్న జుట్టాయన్ని చూపించి, బంతి పట్టుకుని పరుగెత్తాడు.

తరవాత తెలిసిన కథ ఇది. తొమ్మిది దాటి పది నిమిషాలైనా మేము రాలేదు. కొండాయన, బావమరిది, చిన్నాన్న కొడుకు ముగ్గురే మైదానం మధ్యలో నిలబడ్డారు. ఈల మాస్టారు ఒక చేత్తో గడియారం, ఒక చేత్తో పెన్ను పట్టుకుని పేరు కొట్టేయడానికి సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు పాత జట్టులో బయట కూర్చున్న నలుగురు, ఏళ్ళ తరబడి కొండాయనతో కలిసి ఆడినవాళ్ళు, లేచి నీలం చొక్కాలు విప్పేశారు. సంచీలోంచి ఎర్ర చొక్కాలు తీసి తొడుక్కున్నారు. వేరు కాపురం పెట్టిన తమ్ముడింటికి పాలు పొంగించడానికి వచ్చినట్టు వచ్చారన్నమాట. అయితే ఈల మాస్టారు జాబితా చూసి హాజరు పిలుస్తాడు. ఆ పేర్లు నేర్చుకోవడానికి వ్యవధి లేదు. కొండాయన ఒక్క క్షణం ఆలోచించి, "ఒకే పేరు నేర్చుకోండి, నలుగురికీ సరిపోతుంది," అన్నాడట. మాస్టారు "వెంకట?" అని పిలిచాడు. మొక్కజొన్న జుట్టాయన చెయ్యెత్తాడు. మళ్ళీ "వెంకట?" ఇంకో పచ్చజుట్టు. అలా నాలుగుసార్లు. ఏడుగురయ్యారు. ఈల మోగింది.

మేము గడ్డి మీద కూర్చుని మా పేర్లు పరుగెత్తడం చూశాం. అంతకంటే ఏం చేయగలం? మొదట సిగ్గుతో అందరం పులిహోర డబ్బా వంకే చూశాం. తరవాత మెల్లగా గొంతులు లేచాయి. "కమాన్ వెంకట!" అని ఫోనబ్బాయి అరిస్తే నలుగురు తెల్లవాళ్ళూ ఒకేసారి ఇటు తిరిగారు. ఏడుగురు పదకొండుమందితో ఆడితే ఏమవుతుందో అదే అయింది. నాలుగు గోల్స్ పడ్డాయి. అయినా కొండాయన మొహం నేనెప్పుడూ చూడనంత వెలుగుతో ఉంది.

ఆఖరి నిమిషాలు. బంతి మైదానం మధ్యలోంచి ఎత్తుగా లేచి, చాలాసేపు దిగకుండా, తెల్లపూల చెట్ల మీదుగా తేలుతున్నట్టు వచ్చింది. మా ఎనిమిది మందిమీ తెలియకుండానే చేతులు పైకెత్తాం. అది వచ్చి మొక్కజొన్న జుట్టాయన కాలి ముందు పడింది. ఎదురుగా గోల్ కాస్తున్నది ఆయన సొంత అన్న. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడు తన్నాడు. అన్న దూకాడు, అందలేదు. మా ఆవిడ చీర జెండా ఒక్కసారి ఊగింది. అన్న మట్టిలోంచి లేచి వాళ్ళ భాషలో ఏదో పెద్ద తిట్టు తిట్టాడు. ఆ తరవాత అతనే ముందు నవ్వాడు.

ఆట అయ్యాక అన్ని రంగుల చొక్కాలవాళ్ళూ మా దుప్పటి చుట్టూ చేరారు. పులిహోర కాగితం పళ్ళేల్లో పంచాం. మొక్కజొన్న జుట్టాయన ఎండుమిరపకాయ నమిలి, నీళ్ళు అడగకుండా వీరుడిలా నిలబడ్డాడు. నేను కొండాయన దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పబోయాను. గంటసేపు మనసులో అల్లుకున్న వాక్యాలన్నీ ఉన్నాయి. ఆయన వినలేదు. పులిహోర వడ్డించిన కాగితం పళ్ళెం నా చేతిలో పెట్టి, "తిను. నువ్వు ఇవాళ బాగా ఆడావు," అన్నాడు.

అంతలో ఈల మాస్టారు జాబితా కాగితం పట్టుకుని మా వైపు వచ్చాడు. ఎండకు ఎర్రబడ్డ పొడుగాటి ముసలాయన, సన్నటి కళ్ళద్దాలు. పులిహోర తీసుకుని, మర్యాదకు రెండు మాటలు మాట్లాడి, ఉన్నట్టుండి నా వంక తిరిగాడు.

"మీ పేరేమిటన్నారు?"

కొండాయన నమలడం ఆపేశాడు. ఫోనబ్బాయి ఫోన్‌లోకి తల దూర్చేశాడు. ఇంటిపేరు చెప్పొచ్చు, మా ఆవిడ పిలిచే పేరు చెప్పొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళు ఉన్నదున్నట్టు రాసిన చెయ్యి నాది. నోరు వేరే మాట చెప్పడానికి ఎంత ప్రయత్నించినా రాలేదు.

"వెంకట," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నా పక్కనున్న నల్లజుట్టు కుర్రాళ్ళను చూశాడు. ఎదురుగా ఎర్ర చొక్కాల్లో చెమటలు కక్కుతున్న నలుగురు పచ్చజుట్టువాళ్ళను చూశాడు. తరవాత కాగితం వంక చూసి, ఒక పసుపు మెతుకు దాని మీద పడినా తుడవకుండా, నిదానంగా అన్నాడు.

"ఆ దేశంలో ఆ పేరు చాలామందికి ఉన్నట్టుంది."

కాగితం మీద సంతకం చేసి కొండాయనకు ఇచ్చేశాడు. పై వరసలో ఆ దేశం పేరు ఒంటరిగా, అచ్చులో. కొండాయన దాని నకలు తీయించుకుని అసలుది నాకిచ్చాడు. "కాగితాలు దాచేవాడివి నువ్వు," అన్నాడు.

రెండు వారాల తరవాత అక్కడ, వాళ్ళ ముఖ్యపట్టణంలో, ఆ దేశపు అసలు జట్టు మొట్టమొదటి మ్యాచ్ ఆడి గెలిచింది. ఆ రోజు కొండాయన కాఫీకి వచ్చి, గ్లాసు పట్టుకుని, కిటికీ వంక తిరిగి, "మనం ముందు ఆడాం," అన్నాడు. ఆయన లెక్కలో ఆ కొత్త దేశం తరఫున మొదటి గోల్ వేసినవాడు వెంకట. మా ఆఫీసులో దీని మీద ఏళ్ళ తరబడి తగువు నడిచింది. కాగితం మీద 'గోల్: వెంకట' అని మాత్రమే ఉంది. నలుగురు వెంకటలం. "అది నేనే సార్, నేను అరిస్తేనే ఆయన తన్నిండు," అని ఫోనబ్బాయి ఇప్పటికీ పడమటి తీరంలోని సన్నీవేల్ నుంచి ఫోన్ చేసి వాదిస్తాడు. జాబితాలో మొదటి వెంకట నేను. ఆ గోల్ నాదని నేనెప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

కొండాయన తరవాత ఎక్కడో ఉత్తరాన పెద్ద ఊరికి మారిపోయాడు. వెళ్ళేటప్పుడు జెండా తీసుకెళ్ళాడు. ఆ చీర ఇప్పుడు ఎవరింటి గోడ మీదుందో అని మా ఆవిడ అప్పుడప్పుడూ అనుకుంటుంది. నేను రిటైరై పక్క ఊరు క్యారీలో ఉంటున్నాను. మార్చిలో ఆ ఆదివారం వస్తే ముందు చేతి గడియారం, తరవాత గోడ గడియారం, ఆ తరవాత కారుది తిప్పి, అప్పుడు డైరీలో రాస్తాను. ముల్లు తిప్పుతున్నప్పుడు ఒక గంట మాయమవుతుంది కదా, అది ఎక్కడికి పోతుందా అని ఆలోచిస్తూ కూర్చుంటాను. ఆ గంటలో తెల్లపూలు రాలుతూ ఉంటాయి. నా రెండు కార్లూ సరిగ్గా వేళకే పార్కులోకి తిరుగుతాయి. ఎనిమిది మందిమీ జరీ అంచు చొక్కాలు తొడుక్కుని దిగుతాం. మోకాళ్ళ నొప్పి లేకుండా నేను పరుగెత్తుతూ ఉంటాను. ఆ బంతి, అదే బంతి, చెట్ల మీదుగా తేలుతూ తేలుతూ నా వైపే వస్తుంది.

వస్తే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. చేత్తో పట్టుకుని, పైకి విసిరి, "హౌజాట్" అని ఉండేవాణ్ణి.